బసవన్న రాయి, చింతపిక్కలు

లేపాక్షి వీరభద్రాలయానికి కొద్ది దూరంలో, ఒకే బండలో మలిచిన 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు గల బసవన్న సందర్శకులకు విజయనగర శిల్పుల పనితనంగానే కనిపిస్తాడు గాని, ఆ ఉలి తగిలింది 16వ శతాబ్దంలోనైతే, ధార్వాడ్ శిలాభూమి తూర్పు భాగాన పరుచుకున్న గ్రానైట్లలో అత్యధికం సుమారు 250 కోట్ల ఏళ్ల నాటివి. గ్రానైటులోని ఫెల్‌స్పార్ ఖనిజంలో పొటాషియం ఉంటుంది. నేటి పొటాషియంలో ప్రతి 10,000 పరమాణువులకు సుమారు ఒకటి పొటాషియం-40, అంటే బయటి ప్రేరణ లేకుండా తనంత తానే మరో మూలకంగా మారే రేడియోధార్మిక రకం. ఉన్నవాటిలో సగం అలా మారడానికి పట్టే కాలమే అర్ధజీవితకాలం. పొటాషియం-40కి అది 125 కోట్ల ఏళ్లు కనుక, అంతటి వయసున్న రాతిలో అది ఇప్పటికి రెండుసార్లు సగమై, మొదటి దానిలో నాలుగో వంతు మిగిలింది.

బసవన్నను తాకడానికి జంకనక్కర్లేదు. తాకే మనిషి ఒంట్లోనే సెకనుకు నాలుగు వేలకు పైగా ఇలాంటి మార్పులు జరుగుతుంటాయి. అయినా ఈ సగమయ్యే తీరును పిల్లలకు చూపే పాఠం కోసం తరగతిలోకి రేడియోధార్మిక పదార్థం తేవలసిన పని లేదు, గవ్వలు దొరకని ఇళ్లలో అష్టాచెమ్మా కోసం బండమీద ఒకవైపు తెల్లబడేదాకా అరగదీసే చింతపిక్కలు చాలు. 64 పిక్కలను గలగలలాడించి నేలమీద వేసి, తెల్లవైపు పైకి పడినవి మారిపోయినట్టు లెక్కించి, మిగిలిన వాటినే మళ్లీ వేస్తూ పోవాలి. పిక్క నాణెం కాదు గనుక బోర్లా, వెల్లకిలా పడే అవకాశాలు సరిసమానం కావు. అందువల్ల 64 నుంచి 32కు దిగడానికి ఎన్ని విసుర్లు పట్టాయో పిల్లలే కనిపెట్టాలి, ఆ సంఖ్యే ఆ గుప్పెడు పిక్కల అర్ధజీవితకాలం. రెండు అర్ధజీవితకాలాలు గడిచి బసవన్న వయసుకు చేరేసరికి దాదాపు 16 మిగలాలి, 13 మిగిలినా ఆట తప్పినట్టు కాదు.

తెల్లవైపు పైకి పడిన పిక్కలను తీసి పక్కన పడేయడం మాత్రం ఈ ఆటలో సాధారణంగా జరిగే పొరపాటు, ఎందుకంటే అలా చేస్తే పదార్థం మాయమైపోతుందన్న భావన పిల్లల్లో నాటుకుంటుంది. తీసిన ప్రతి పిక్క స్థానంలో ఒక వేరుశనగ గింజ పెట్టడం మేలు, అది ఈ సీమలో ఎక్కడైనా దొరుకుతుంది. పొటాషియం-40లో నూటికి 89 వంతులు కాల్షియంగా, తక్కినవి ఆర్గాన్ వాయువుగా మారతాయి కాబట్టి, 48 వేరుశనగ గింజల్లో ఐదింటికి రంగు పూసి ఆర్గాన్‌గా చూపవచ్చు. శిల వయసు కట్టే పొటాషియం-ఆర్గాన్ పద్ధతి లెక్కించేది ఆ ఐదింటినే.