ఎదిగే శివుడు... ఎడతెగని వాదన

కోదాడలో హైదరాబాద్-విజయవాడ జాతీయ రహదారి దిగి దక్షిణానికి తిరిగితే కాసేపటికే సున్నపురాతి నేలలు, సిమెంటు ఫ్యాక్టరీల పొగగొట్టాలు కనిపిస్తాయి. అదే మేళ్లచెరువు. 2016 దాకా నల్లగొండ జిల్లాలో ఉండేది, ఇప్పుడు సూర్యాపేట జిల్లా. మహాశివరాత్రి వచ్చిందంటే విద్యుత్ ప్రభలు, ఎడ్ల పందేలు, చుట్టాలతో నిండిన ఇళ్లు... ఊళ్లో కాలు పెట్టే సందుండదు.

ఇక్కడి దేవుడు స్వయంభూ శంభులింగేశ్వరుడు. మేతకెళ్లిన ఆవు ఒకచోట రాతి మీద పాలు వదిలేస్తోందట. యజమాని కోపంతో ఆ రాతిని 11 ముక్కలు చేసి తలో దిక్కునా పారేశాడట. తెల్లారేసరికి లింగం ఎప్పటిలాగే ఉందట! లింగం తలమీది చిన్న గుంటలో నీరు ఎప్పుడూ ఊరుతుంటుందని, 12 ఏళ్లకోసారి అంగుళం పెరుగుతుందని భక్తుల నమ్మకం.

కథ బాగుంది. కానీ దర్శనం క్యూలో పిల్లలుంటే ప్రశ్నలూ ఉంటాయి. ముక్కలే వచ్చి అతుక్కున్నాయా? లేక కొత్త లింగం పుట్టిందా? కొత్తదైతే పాత ముక్కలేమైనట్టు?

కామిక్స్ చదివే పిల్లలకు ఈ తగువు కొత్త కాదు. 1938లో తొలి సంచికలో సూపర్‌మ్యాన్ ఎగరలేదు, దూకాడంతే. మహా అయితే 200 మీటర్లు. ఎగరడం తర్వాత వచ్చింది. ఇలాంటి పొంతన లేని సంగతులు పేరుకుపోయి, 1985లో డీసీ కంపెనీ లోకాలకు లోకాలనే తుడిచేసి కథ మళ్లీ మొదలెట్టింది. అభిమానుల వాదన ఆగిందా? ఇంకా పెరిగింది.

మనవాళ్లూ తక్కువేం కాదు. 1957లో వచ్చిన ‘మాయాబజార్’లో సావిత్రి వేసిన శశిరేఖ వ్యాసభారతంలో లేనే లేదు. అక్కడ అభిమన్యుడి భార్య ఉత్తర ఒక్కతే. ఈ మాట పండితులు ఎన్నిసార్లు చెప్పినా తెలుగిళ్లలో శశిరేఖ పెళ్లి ఆగలేదు. జానపదుల కథల్లోంచి నాటకాల్లోకి, అక్కణ్నుంచి తెర మీదికి వచ్చిన పిల్లను వెళ్లిపొమ్మనేదెవరు?

అయితే మేళ్లచెరువు లెక్క వేరు. కామిక్స్ వాదనలో ఓడితే పాత పుస్తకం పక్కన పడేయొచ్చు. ఇక్కడ ఓడితే అమ్మమ్మ చెప్పింది అబద్ధమైపోతుంది. అందుకే పిల్లలు అడిగేటప్పుడు కాస్త గొంతు తగ్గిస్తారు. పెద్దలు మాత్రం పెంచుతారు.

అన్నిటికన్నా చిక్కు అంగుళాల లెక్క. తాత పదేళ్లప్పుడు చూసిన లింగానికీ, డెబ్బై ఏళ్లొచ్చాక మనవడికి చూపిస్తున్న లింగానికీ 5 అంగుళాల తేడా ఉండాలి.

‘‘ఉందా తాతా?’’

‘‘ఉందిరా, నేను చూడలే?’’

‘‘కొలిచావా?’’

క్యూ ముందుకు కదులుతుంది. తాత మనవడి చెయ్యి పట్టుకుని గడప దాటిస్తాడు.