గ్రంథము, కంఠము: గ్యల్‌రోంగ్ భాషల పునర్నిర్మాణముపై కొన్ని ఆలోచనలు

తాళపత్రములను, శిలాశాసనములను నమ్ముకొని బ్రతుకుచున్నవారము మనము. ఒక శబ్దముయొక్క ప్రాచీనరూపము కావలెనన్నచో పూర్వకవి ప్రయోగమునో, శాసనపాఠమునో చూపుట మన అలవాటు. లిపియే లేని భాషకు ప్రాచీనత ఎక్కడిదని అడుగు పండితులు నేటికిని మన నడుమ ఉన్నారు. ఆ ప్రశ్నకు నేనెరిగిన సమాధానములలో మిక్కిలి బలమైనది తెలుగునాటిది కాదు. చైనాదేశమున పశ్చిమ సిచువాన్ పర్వతముల లోయలది.

అక్కడ గ్యల్‌రోంగ్ వర్గమునకు చెందిన భాషలు కొన్ని గలవు. సితు, జఫుగ్, త్షొబ్దున్, జ్బు అనునవి ఒక కొమ్మ. ఖ్రోస్క్యబ్స్, హోర్పా అనునవి పడమటి కొమ్మ. ఆ ప్రజల మతగ్రంథములు టిబెటన్ భాషలో ఉన్నవి; ఇంటిభాషకు వ్రాత లేదు. హాడ్జ్‌సన్ సేకరించిన గ్యారుంగ్ పదపట్టిక 1853లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయినది. అటుపిమ్మట చాలకాలము ఈ భాషలపై జరిగిన పని స్వల్పము. గియోమ్ జాక్ రచించిన జఫుగ్ వ్యాకరణము, వేయిపుటలకు మించినది, 2021లో వెలువడినది. అది ఎవరైనను ఉచితముగా పొందదగినది. మన కళాశాలల విద్యార్థులు దానిని తప్పక చూడవలెను.

ఇక గ్రంథపక్షమునకు వత్తము. ఆ లోయలకు ఉత్తరమున చాల దూరములో తాంగుత్ రాజ్యము వర్ధిల్లినది. 1036లో వారు స్వంత లిపిని ప్రవేశపెట్టిరి. అందు అక్షరములు సుమారు ఆరువేలు. బౌద్ధవాఙ్మయమును విస్తారముగా అనువదించుకొనిరి. 1227లో మంగోలులు ఆ రాజ్యమును కూల్చిరి. కాలక్రమమున భాషయు నశించినది. 1909లో కొజ్లోవ్ ఖారాఖోటో శిథిలములలోని ఒక స్తూపమునుండి ఆ గ్రంథరాశిని వెలికి తీసినాడు. అయితే ఆ లిపి ధ్వనులను విడదీసి చూపునది కాదు. 1190 నాటి తాంగుత్–చైనా పదకోశము అర్థమును స్పష్టముగా చెప్పును. ఉచ్చారణను మాత్రము చైనా అక్షరములతో చూపును. సంయుక్తాక్షరములు పలుకలేని చైనా అక్షరములలో ఏమి పట్టును? అర్థము చేతికి అందినది. ధ్వని సగమే అందినది.

ఈ లోటును పూరించునది లిపిలేని గ్యల్‌రోంగ్. తాంగుత్ అచ్చులలో కొన్నిటిని బిగించి పలికెడివారని పరిశోధకుల నిర్ణయము. ఆ బిగింపు పూర్వము హల్లుకు ముందుండి లోపించిన సకారపు జాడ యని గోంగ్ హ్వాంగ్‌చెంగ్ ప్రతిపాదించినాడు. జఫుగ్ భాషలో ప్రేరణార్థకమైన ఆ సకారము ఉపసర్గగా నేటికిని వినబడుచున్నది. ప్రత్యయము లోపించినను దాని కార్యము నిలుచునని పాణిని చెప్పినదానిని పాఠము చెప్పువానికి ఇది చదివినప్పుడు కలుగు సంతోషము వేరుగా చెప్పనక్కరలేదు. పాణినికి లోపము ప్రక్రియాసౌలభ్యము; ఇక్కడ లోపము చరిత్ర. ఈ భేదమును మరువరాదు.

సంఖ్యావాచకమొకటి చూడుడు. ‘ఐదు’ జఫుగ్‌లో, మన లిపిలో స్థూలముగా, కుమ్ఙు, తాంగుత్‌లో ఙ్వ. మొదటిదాని మకార ఙకారములు రెండవదానిలో ఒక్క హల్లుగా ముడుచుకొన్నవి. (మన వర్ణమాలలో గౌరవాసనమునకే పరిమితమైన ఙకారము అక్కడ నిత్యము పనిచేయుచున్నది!) అట్లే జఫుగ్‌లో ప్రత్ అనగా తెంచుట, మ్బ్రత్ అనగా తెగుట. మనము క్రియాంతమున చూపు భేదమును వారు క్రియాదిని అనునాసికముతో చూపుదురు. 2020లో లాయ్ యున్‌ఫాన్ మొదలైన నలుగురు తాంగుత్‌ను గ్యల్‌రోంగ్ వర్గపు పడమటి కొమ్మకే చెందినదిగా నిరూపింప యత్నించిరి. నాకు వారి వాదము సమంజసముగా తోచినది.

ఇట్టిది మనకును క్రొత్త కాదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1969లో కొండ (కూబి) భాషావ్యాకరణమును ప్రకటించినారు. తెలుగున శకటరేఫము వ్రాతలో మిగిలి పలుకులో సాధురేఫముతో కలిసిపోయినది. లిపిలేని కొండభాష ఆ భేదమును నాలుకపై నిలుపుకొన్నది.

గ్యల్‌రోంగ్ పరిశోధకునికి మరొక చిక్కు టిబెటన్ పదములు. శతాబ్దములుగా అరువు వచ్చినవి దేశ్యములతో కలిసియున్నవి. తత్సమమును తద్భవమును వేరుచేయనేర్చినవాడే ఆ పనికి అర్హుడు. జఫుగ్‌లో గుఱ్ఱము మ్బ్రో, టిబెటన్‌లో ర్త. ఇక్కడ అనుమానము లేదు; ప్రాచీన బర్మీయుల మ్రఙ్ శబ్దము మ్బ్రోకు బంధువు. రెండు భాషల రూపములు దగ్గరగా ఉన్నచోటనే కష్టము.

తీరని వివాదమొకటి గలదు. ఈ భాషల క్రియ కర్తకే కాక కర్మకును పురుషభేదమును చూపును. నేపాల్‌లోని కిరాంతీ భాషలును అంతే. ఇది సినో-టిబెటన్ మూలభాషనుండి వచ్చినదని వాన్ డ్రీమ్, డిలాన్సీ ప్రభృతులు. తరువాత పుట్టినదని లాపొల్లా. పురుషప్రత్యయములు సర్వనామములను పోలియుండుటచేత మరల మరల పుట్టవచ్చును. కాని తాంగుత్‌లోను పురుషమును బట్టి కొన్ని ధాతువుల అచ్చే మారుచున్నది. అట్టి అక్రమరూపములు ఎరువు తెచ్చుకొనదగినవి కావు. కావున నేను మొదటి పక్షమువైపే మొగ్గుదును.

దీనిని తేల్చవలసినవి ఇంకను విపులముగా వర్ణింపబడని మాండలికములు. జఫుగ్ మాటలాడువారు పదివేలలోపు. వారి పిల్లలు చైనాభాషవైపు మరలుచున్నారు.