అమ్మ ఫోన్‌లో ఇద్దరు విజయలక్ష్మిలు

పట్టు బట్ట మీద కత్తెర పడిందంటే పడినట్టే. మొన్నటి పెళ్లిళ్ల సీజన్‌లో మా అమ్మ ఒక విజయలక్ష్మి గారి జాకెట్టు ముక్కని ఇంకో విజయలక్ష్మి గారి కొలతలతో కత్తిరించేసింది. ఇద్దరికీ చెస్ట్‌లో నాలుగు అంగుళాల తేడా. పెళ్లి మూడు రోజుల్లో ఉంది.

మాది సికింద్రాబాద్, వారాసిగూడ. ఇంటి ముందు గదే అమ్మ టైలరింగ్ షాపు. కొలతలు రాసుకునే లాంగ్ నోట్‌బుక్ వానకి తడిసిపోతే, ఆమె ఫోన్‌లో నోట్స్ యాప్ పెట్టిచ్చింది నేనే. ఫ్రీ, యాడ్స్ లేవు, ఓపెన్ సోర్స్ అని గొప్పలు కూడా చెప్పాను. ఆ రోజు అమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మధ్యాహ్నమంతా జనరల్ బజార్‌లో ఆ రంగుకి మ్యాచింగ్ వెతికి, సొంత డబ్బులతో ముక్క కొనుక్కొచ్చి, రాత్రంతా కుట్టింది. తిట్టి ఉంటే బాగుండేది.

తెల్లారి ఫోన్ నా చేతిలో పెట్టి, "చూడురా, ఇద్దరూ ఒక్కతీరే కనవడుతున్నరు" అంది.

నిజమే. అమ్మ పద్ధతి ఏంటంటే, పేరు పక్కన ఏరియా రాస్తుంది: "విజయలక్ష్మి బౌద్ధనగర్", "విజయలక్ష్మి పార్సిగుట్ట". లిస్టులో మాత్రం రెండూ "విజయలక్ష్మి …" అనే ఉన్నాయి. ఆ కింద "అన్నపూర్ణేశ్…" అని ఇంకొకావిడ, పేరు మధ్యలో తెగి వేలాడుతూ. (పేర్లు మార్చాను. అక్షరాల లెక్క మాత్రం మార్చలేదు.)

అప్పటికి నా బీటెక్ అయి ఎనిమిది నెలలు. ఉద్యోగం లేదు. రెజ్యూమెలో "ఓపెన్ సోర్స్ అంటే ఆసక్తి" అని ఉంది కానీ, ఏ ప్రాజెక్టుకీ ఒక్క లైను రాసిన పాపాన పోలేదు. సిగ్గు కూడా ఒక కారణం. 2020 హ్యాక్టోబర్‌ఫెస్ట్ గుర్తుందా? ఒక టీషర్టు కోసం వేరేవాళ్ల రీడ్‌మీ ఫైళ్లలో రెండు మాటలు అటూ ఇటూ మార్చి పుల్ రిక్వెస్టులు గుప్పించి, మెయింటెయినర్ల ప్రాణం తీశారు జనం. నన్నూ ఆ బాపతే అనుకుంటారేమోనని భయం.

కోడ్ తెరిచి చూస్తే తప్పు ఒకే ఒక్క లైనులో ఉంది. టైటిల్‌లో మొదటి పన్నెండు తీసుకో, మిగతాది వదిలేయ్. పన్నెండు ఏంటి? అసలు కథ అదే.

యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే ఉంది. అయితే అందులో మన గుణింతాలకీ వత్తులకీ విడివిడి గళ్లు లేవు. "శ్వ" అనేది శ, పొల్లు, వ అని మూడు ముక్కలు. వాటిని తెర మీద ఒక్క రూపంగా కూర్చే పని వేరే సాఫ్ట్‌వేర్‌ది. మీరిది ఆండ్రాయిడ్‌లో క్రోమ్ తెరిచి చదువుతుంటే, ఈ వత్తుల్ని సర్దుతున్నది హార్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు. దాన్ని నడిపించిన బెహ్దాద్ ఎస్ఫాబోడ్ ఇరాన్‌లో పుట్టినాయన. హర్ఫ్ అంటే అక్షరం. మన గల్లీలో ఉర్దూ వచ్చిన ఎవరినడిగినా చెప్తారు.

"అన్నపూర్ణేశ్వరి"లో ఎన్ని అక్షరాలని అమ్మనడిగితే వేళ్లు మడిచి ఆరు అంది. కంప్యూటర్నడిగితే పదిహేను. విజయలక్ష్మికి పదకొండు, ఆ తర్వాత ఖాళీ ఒకటి, పన్నెండు అయిపోయాయి. ఇక బౌద్ధనగర్ అయినా పార్సిగుట్ట అయినా ఒకటే.

జావాస్క్రిప్ట్‌లో ఇంట్ల్ సెగ్మెంటర్ అని ఒకటుంది. మనిషి కంటికి ఒక్కటిగా కనిపించే అక్షరాన్ని అది ఒక్కటిగా లెక్కపెడుతుంది. దాంతో ఆ లైను మార్చి, చేతులు వణుకుతూనే పుల్ రిక్వెస్ట్ పెట్టాను. నా ఫోన్‌లో బ్రహ్మాండం. అమ్మ పాత ఫోన్‌లో చూస్తే "అన్నపూర్ణేశ్వరి మెట్…" అని వచ్చింది. మెట్టుగూడ సగంలో ఆగిపోయింది! వత్తుతో కలిసిన అక్షరాన్ని విడదీయొద్దన్న నియమం యూనికోడ్‌లోకి చేరింది 2023లో, 15.1 వెర్షన్‌తో. పాత ఫోన్‌కి ఆ సంగతి ఎలా తెలుస్తుంది?

రెండు రోజులకి మెయింటెయినర్ జవాబిచ్చాడు. ఎక్కడో యూరప్‌లో ఉంటాడు, తెలుగు చూడటం అదే మొదటిసారట. "పన్నెండు బదులు ఇరవై చేస్తే సరిపోదా?" అన్నాడు. అప్పటికి సరిపోతుంది. ఇరవయ్యో ముక్క దగ్గర ఇంకెవరి పేరో తెగుతుంది. ఆ మాట ఇంగ్లిష్‌లో రాయడానికి ఒక సాయంత్రం పట్టింది. మన వత్తు అనేది పక్కన నిలబడే అక్షరం కాదనీ, పైదాని కింద ఒదిగిపోతుందనీ చెప్పడానికి, కాగితం మీద గీసి ఫోటో తీసి పంపాను. "ఇప్పుడర్థమైంది, టెస్టులు రాయి" అన్నాడు.

పొల్లుతో ముగిసిన ముక్క తర్వాత హల్లు వస్తే రెండింటినీ కలిపేయాలని ఒక షరతు చేర్చాను. టెస్టుల్లో అమ్మ కస్టమర్లందరూ వచ్చారు. "సాఫ్ట్‌వేర్" అనే మాట కూడా పెట్టాను. అందులో ట్‌కీ వేకీ మధ్య కంటికి కనిపించని ఒక గుర్తు ఉంటుంది, ఆ రెండూ కలవకుండా. అక్కడ నా షరతు నోరు మూసుకుని ఊరుకోవాలి. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" అన్న అక్షరం మెసేజ్‌లో వస్తే ఐఫోన్లలో యాప్‌లు కుప్పకూలాయి చూడండి, ఆ వరసలోనూ ఈ గుర్తే దాక్కుని ఉంది. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 ఇచ్చి సరిచేసింది. ఆ వార్త అప్పట్లో ఫార్వర్డ్ చేసి నవ్వుకున్నాను. ఇప్పుడు టెస్టు రాస్తుంటే నవ్వు రాలేదు.

పంతొమ్మిదో రోజున మెర్జ్ అయింది. చివరికి తేలింది పద్నాలుగు లైన్ల కోడ్, దానికి మూడింతల టెస్టులు. దీనివల్ల ఉద్యోగమేమీ వచ్చిపడలేదు. ఒక ఇంటర్వ్యూలో మాత్రం ఆయన మిగతా రెజ్యూమె పక్కన పెట్టి, ఈ పద్నాలుగు లైన్ల గురించే అరగంట అడిగాడు.

అప్‌డేట్ రాగానే అమ్మకి చూపించాను. విజయలక్ష్మి బౌద్ధనగర్, విజయలక్ష్మి పార్సిగుట్ట, అన్నపూర్ణేశ్వరి మెట్టుగూడ. కళ్లజోడు పైకి తోసుకుని పైనుంచి కిందిదాకా చదివింది.

"మంచిగైంది. మరి పదమూడు ముప్పావు అని కొట్టాలంటే ఎట్లరా? ముప్పావు గుర్తు ఎక్కడుందో దొరుకుతలేదు."

యాప్‌లో కొలతల గడి తెరిచి చూశాను. అంకెలు తప్ప ఇంకేదీ తీసుకోవట్లేదు. ఆ రాత్రే కొత్త ఇష్యూ తెరిచాను.