గోడకెంత? మనిషికెంత?

‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’ అన్నారు పెద్దలు. కట్టిన ఇంట్లో ఒక గోడకు నాలుగు చెక్కలు బిగించడం కూడా అంత పనీ చేస్తుందని మాత్రం వారు చెప్పలేదు. బిలాస్‌పూర్ నెహ్రూ నగర్‌లో స్థిరపడిన ఒక తెలుగు కుటుంబానికి ఆ సంగతి అనుభవం మీద తెలిసివచ్చింది.

ఆ ఇంటి పెద్దాయన శ్రీకాకుళం ప్రాంతం నుండి రైల్వే ఉద్యోగం వెదుక్కుంటూ వచ్చినవాడు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే నాటినుండీ ఆ దారి వెంబడి ఎందరో తెలుగువారు ఖరగ్‌పూర్ మొదలు బిలాస్‌పూర్ వరకు అల్లుకుపోయారు. ఈయన గూడ్సు బండి గార్డు. 2022 నుండి ఆ ఉద్యోగాన్ని ‘ట్రైన్ మేనేజర్’ అంటున్నారు గాని, ఆయన మాత్రం చివరివరకూ గార్డుగానే బ్రతికాడు. జెండాలు, దీపం, డిటోనేటర్లు పెట్టుకునే నల్లటి ఇనుప పెట్టెలో ఎప్పుడూ ఒక తెలుగు పుస్తకం ఉండేది. సిగ్నలు కోసం బండి గంటల తరబడి ఆగిపోయినప్పుడు అదే ఆయనకు తోడు. అలా కొన్న పుస్తకాలు నాలుగు వందలకు పైబడ్డాయి. ఆయన పోయిన తరువాత అవి రెండు ట్రంకు పెట్టెలలో, మంచం క్రింద, చీకట్లో ఉండిపోయాయి.

2003లో ఆగ్నేయ మధ్య రైల్వే బిలాస్‌పూర్ కేంద్రంగా పని ప్రారంభించింది. ఆయన కుమారునికి ఆ ప్రధాన కార్యాలయంలోనే ఉద్యోగం. తండ్రి సంవత్సరీకం దాటగానే అతనికొక కోరిక కలిగింది. పుస్తకాలను వెలుగులోకి తేవాలి. హాలు నుండి వెనుక గదులకు పోయే నడవలో పొడవాటి గోడ ఖాళీగా ఉంది. క్రింద ఆసరా కనబడకుండా, చెక్క గోడలోంచే పుట్టుకువచ్చినట్లుండే షెల్ఫులు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి గదా! అవే బిగిద్దామనుకున్నాడు. లోతు ఎంత ఉండాలని వడ్రంగి అడిగితే, క్షణమైనా ఆలోచించకుండా, “పన్నెండు అంగుళాలు. ఎక్కువ పడతాయి” అన్నాడు.

ఎక్కువ లోతు ఎక్కువ సౌకర్యమని తోచడం సహజం. కాని పుస్తకం కొలత వేరే మాట చెబుతుంది. తెలుగు నవలలు, కథాసంపుటాలు ఎక్కువగా డెమ్మీ 1/8 సైజులోనో క్రౌన్ 1/8 సైజులోనో అచ్చవుతాయి. డెమ్మీ పుస్తకం ఎత్తు ఎనిమిదిన్నర అంగుళాలు, వెడల్పు అయిదున్నర. క్రౌన్ పుస్తకం ఇంకా చిన్నది. అంటే ఆరు అంగుళాల చెక్క మీద ఈ పుస్తకాలు నిండుగా నిలబడతాయి. కార్యాలయపు ఫైళ్ళకు తొమ్మిది, పది అంగుళాలు కావాలి. భోజనపు కంచాలకు పన్నెండు కావాలి. ఏ వస్తువు అక్కడ కూర్చోబోతున్నదో తెలియకుండా లోతు నిర్ణయించడమంటే, పాదం చూడకుండా చెప్పులు కొనడమే. 

నాలుగుసార్లు బ్రిటిష్ ప్రధానమంత్రిగా పనిచేసిన గ్లాడ్‌స్టన్ 1890లో పుస్తకాలకు ఇంట్లో వసతి కల్పించడం గురించి ఏకంగా ఒక వ్యాసమే వ్రాశాడు. తక్కువ స్థలంలో ఎక్కువ గ్రంథాలు ఎలా ఇముడుతాయో అంగుళాలలో లెక్క కట్టడం అంతటి రాజనీతిజ్ఞునికీ చిన్నతనమనిపించలేదు.

వడ్రంగి ఛత్తీస్‌గఢ్ వాడే. లెక్క తెలిసినవాడు. అతడు గోడను వ్రేలి కణుపుతో తట్టి చూశాడు. అది సగం ఇటుక మందం గల అడ్డుగోడ. పైనున్న గిలాబా ఏ బరువునూ పట్టదు. దాన్ని దాటి ఇనుప కడ్డీ గట్టి ఇటుకలోకి దిగాలి, అదీ ఇటుకల మధ్య సందులో కాకుండా. అడుగు పొడవున పేర్చిన పుస్తకాలు ఇంచుమించు ఏడెనిమిది కిలోలు తూగుతాయి. మూడడుగుల చెక్క మీద ఒక వరుస పేరిస్తే ఇరవైరెండు కిలోలు. ఆరంగుళాల చెక్కకు ఆ బరువు గోడ నుండి మూడు అంగుళాల దూరంలో పనిచేస్తుంది. పన్నెండంగుళాల చెక్క మీద ఒక వరుస వెనుక మరొక వరుస చేరక మానదు. అప్పుడు బరువు రెండింతలు, గోడ నుండి దూరం కూడా రెండింతలు. కాబట్టి గోడను పెకలించే లాగుడు నాలుగింతలవుతుంది. దోసెడు బియ్యం చేతిని శరీరానికి ఆనించి పట్టుకోవడానికీ, బారుగా చాచి పట్టుకోవడానికీ ఉన్న తేడాయే ఇది.

“పైగా వెనుక వరుస పుస్తకాన్ని ఎవరు తీస్తారు, బాబూ? అది మళ్ళీ ట్రంకు పెట్టెలో ఉన్నట్లే” అన్నాడు వడ్రంగి.

కుమారునికి నమ్మకం కుదరలేదు. “సరే, చెక్క కోయడానికి ముందు అట్టతో చేసి చూద్దాం” అని కోడలు మధ్యేమార్గం చూపింది. అట్టపెట్టెలు కోసి పన్నెండు, తొమ్మిది, ఆరు అంగుళాల లోతున మూడు రకాల బల్లలు తయారు చేశారు. ఒక్కొక్కటి రెండేసి రోజులు గోడకు అంటించి ఉంచాలని ఏర్పాటు. నడవ వెడల్పు మూడున్నర అడుగులు, అంటే నలభైరెండు అంగుళాలు. మొదట పన్నెండంగుళాల అట్ట ఎక్కింది. నడవడానికి ముప్పై అంగుళాలు మిగిలాయి. అన్నం గిన్నె పట్టుకుని కోడలు ప్రక్కకు తిరిగి నడవవలసి వచ్చింది. ఎదురుగా పిల్లవాడు వస్తే ఒకరు వెనక్కు తగ్గాలి.

రెండవ రోజు రాత్రి అత్తగారి మంచం ప్రక్కన పెట్టిన మంచినీళ్ళ గ్లాసు నిండుగా అలాగే ఉండడం కోడలు గమనించింది. ముందునాడూ అంతే.

“అత్తయ్యా, మీరు నీళ్ళు తాగడం లేదా?”

“దాహం లేదమ్మా.”

కాసేపటికి ఆవిడే చెప్పింది. “తాగితే రాత్రి లేవాలి. లేస్తే ఆ అట్ట భుజానికి తగులుతోంది. ఎక్కడ ఉందో కనబడదు. మీ నిద్ర పాడుచేయడం ఎందుకని.”

ఆవిడకు నీటికాసుల జబ్బు. ఆ రోగం సాధారణంగా నిశ్శబ్దంగా వచ్చి, ముందుగా ప్రక్కచూపును హరిస్తుంది. పోయిన చూపు తిరిగి రాదు. మందు చుక్కలు మిగిలినదాన్ని కాపాడగలవంతే. ఎదురుగా ఉన్న మనిషిని ఆవిడ పోల్చుకోగలదు. ప్రక్క గోడ నుండి పొడుచుకు వచ్చిన చెక్క మాత్రం ఆవిడ లోకంలో లేదు. అందుకే రాత్రిళ్ళు గోడ మీద చేయి వేసి నడిచేది. స్నానాల గదికి వెళ్ళేటప్పుడు కుడిచేయి, వచ్చేటప్పుడు ఎడమచేయి, గోడ ఒక్కటే. కుమారుడు షెల్ఫులు తలపెట్టినది సరిగ్గా ఆ గోడకే.

తల్లి రోజూ ఏ గోడను పట్టుకుని నడుస్తున్నదో ఇన్నేళ్ళుగా తాను చూడలేదన్న మాట అతన్ని చాలాసేపు మాట్లాడనివ్వలేదు.

ఇది ఒక్క ఇంటి సమస్య కాదు. అమెరికాలో 1990 నాటి వికలాంగుల చట్టం క్రింద ఏర్పడిన ప్రమాణాలలో ఇందుకొక నియమం ఉంది. నడిచే దారిలో నేల నుండి 27 అంగుళాలకు పైన, 80 అంగుళాలకు లోపల గోడకు బిగించిన ఏ వస్తువూ నాలుగు అంగుళాలకు మించి ముందుకు రాకూడదు. చేతికర్రతో తడుముకుంటూ నడిచేవారికి ఆ ఎత్తులోని అంచు కర్రకు తగలదు, ముందుగా ఒంటికే తగులుతుంది. అయితే 27 అంగుళాల ఎత్తులోనో, అంతకన్న దిగువనో అంచు ఉంటే కర్ర దాన్ని ముందే కనిపెడుతుంది.

మరునాడు అట్టలు ఎదుటి గోడకు మారాయి. తొమ్మిదంగుళాలప్పుడు ఇద్దరు ఎదురుపడితే భుజాలు రాసుకున్నాయి. ఆరంగుళాలప్పుడు ఆ అట్ట ఉన్నదనే ఎవరికీ గుర్తు రాలేదు. నడవడానికి పూర్తిగా మూడడుగులు మిగిలాయి. అదే నిర్ణయమైంది. వడ్రంగి అన్నిటికన్న క్రింది షెల్ఫును నేలకు అడుగు ఎత్తులోనే, అదే లోతున బిగించాడు. కాలో కర్రో ముందు దానికి తగిలి హెచ్చరిస్తుంది. మూలలన్నీ గుండ్రంగా చెక్కి నునుపు చేశాడు. ఆరంగుళాలలో ఇమడని లావుపాటి నిఘంటువులకు హాలులో, ఎవరూ నడవని మూలన, పదంగుళాల చెక్క ఒక్కటి అమరింది. “దాయీ, ఒకసారి చేయి పెట్టి చూడు” అని అతడు పెద్దావిడను పిలిచి అంచు తడిమించిన తరువాతనే కూలి పుచ్చుకున్నాడు.

పూర్వం పల్లెటూళ్ళలో మట్టిగోడలు అడుగున్నర, రెండడుగుల మందం ఉండేవి. దీపానికీ, పుస్తకానికీ గోడలోనే గూడు తొలిచేవారు. గూడు ఎంత లోతయినా మనిషి దారికి అడ్డం వచ్చేది కాదు, ఆ లోతు గోడ ఇచ్చినది కనుక. నేటి గోడలు సన్నబడ్డాయి. ఇప్పుడు షెల్ఫుకు ఇచ్చే ప్రతి అంగుళమూ మనిషి నడిచే చోటు నుండి తీసి ఇచ్చేదే.

పుస్తకాలన్నీ ఒకే వరుసలో, వీపులు అంచుదాకా వచ్చేట్టు నిలబడ్డాయి. వారం పది రోజులు ఎవరూ ఏమీ గమనించలేదు. ఒక రాత్రి మంచినీళ్ళకు లేచిన కుమారునికి నడవలో తల్లి కనిపించింది. ఆవిడ అలవాటైన గోడను వదిలిపెట్టింది. ఎదుటి వైపున, ఒక్కొక్క పుస్తకం వీపునూ వ్రేళ్ళతో తాకుతూ నెమ్మదిగా నడుస్తోంది. ఒకచోట ఆగింది.

“ఇది మీ నాన్న బైండు చేయించింది కదురా? గుడ్డ అట్ట” అంది, వెనక్కు తిరగకుండానే.

“అవునమ్మా” అన్నాడతను. ఆవిడ దాటిపోయేందుకు ప్రక్కకు తప్పుకోవలసిన అవసరం అతనికి కలగలేదు.