గిన్నెల మీద పేరు

ఇల్లు అమ్మడమంటే బేరం కుదుర్చుకోవడం, అడ్వాన్సు పుచ్చుకోవడం అనుకుంటాం కానీ అసలు పని అటక దగ్గర మొదలవుతుంది. నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో కాపురం చేసిన మనిషి అటక మీద ఏముంటుందో మీకు చెప్పక్కర్లేదు. మీ అమ్మగారింట్లోనూ ఉండే ఉంటుంది.

మాచర్లలో మా పుట్టిల్లు పోయిన వేసవిలో అమ్మేశాం. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. అన్నయ్య హైదరాబాదులో, తమ్ముడు బెంగుళూరులో. నేను మాత్రం ఇదే ఊళ్ళో, నాలుగు వీధుల అవతల అత్తారింట్లో. మోకాళ్ళ నొప్పులతో అంత ఇంట్లో ఒక్కదాన్నీ ఉండలేనని అమ్మే అంది. పిల్లల సెలవులు చూసుకుని అందరూ మే నెలలో దిగారు. పక్కనే రెంటచింతల, ఎండలకి రాష్ట్రమంతా పేరు మోసిన ఊరు. ఇక మా ఎండ సంగతి వేరే చెప్పాలా! పొద్దున్నే ఆరింటికి మొదలుపెట్టి పదింటికల్లా ఆపేసేవాళ్ళం.

వదిన ఫోన్లో వీడియోలు చూసి వచ్చింది. మూడు కుప్పలు పెట్టాలట: ఉంచేవి, ఇచ్చేసేవి, పారేసేవి. ఏడాదిగా వాడనిది ఏదైనా పారేసే కుప్పలోకే. పద్ధతి మంచిదే. కానీ మన ఇళ్ళల్లో ఏడాదికోసారి వాడే వస్తువులే ఎక్కువ కదండీ! జాడీలు ఆవకాయల రోజుల్లో, జంతికల గొట్టం పండక్కి, పెద్ద గంగాళం ఏ పెళ్ళికో. అందుకని నాలుగో కుప్ప పెట్టాం, అమ్మని అడగాల్సినవని. రెండు రోజులయ్యేసరికి ఆ కుప్పే అన్నిటికన్నా పెద్దదయింది.

కొన్ని తేలిగ్గానే పోయాయి. పాత బట్టల మూటలు స్టీలు సామానామెకిస్తే ఒక బేసిను ఇచ్చింది. పత్రికలు, డబ్బాలు పాత సామాన్ల బండిలోకి. పెరట్లో పాతిన రోలు ఇంటితోపాటే వదిలేశాం. రాచ్చిప్ప తమ్ముడు తీసుకున్నాడు, బాల్కనీలో మొక్క పెట్టుకుంటాడట. "ఎన్నేళ్ళు పులుసు కాచానురా అందులో" అంటూనే ఇచ్చేసింది అమ్మ.

గిన్నెల దగ్గరే మాకు ఆలస్యమైంది. ఇత్తడివి, రాగివి, స్టీలువి అన్నీ వరండాలో పరిచాం. అన్నిటిమీదా పేర్లు. ఇప్పుడు మిషనుతో చెక్కుతున్నారు గానీ అప్పట్లో చిన్న ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టేవారు. సారెతో వచ్చిన బిందెల మీద అమ్మ పుట్టింటి ఇంటిపేరు. చీటీ పాడి కొన్న స్టీలు డబ్బాల మీద మా ఇంటిపేరు. పెళ్ళికి వచ్చిన పళ్ళేల మీద ఇచ్చినవాళ్ళ పేర్లు, తేదీలు. నా అన్నప్రాశనకి మేనమామ ఇచ్చిన గిన్నె కూడా దొరికింది. అమ్మ ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకుని వేలితో తడిమి, కళ్ళజోడు లేకుండానే ఎవరిదో చెప్పేస్తోంది.

మధ్యలో వెనకింటి వాళ్ళ పేరున్న గరిటె ఒకటి బయటపడింది! ఎప్పటి పెళ్ళి వంటల్లో కలిసిపోయిందో ఏమో. "ముందు దాన్ని ఇచ్చిరావే, పరాయి సొమ్ము" అని నన్ను ఆ ఎండలోనే తరిమింది. వాళ్ళమ్మాయి ఆ గరిటె చూసి నవ్వి, తర్వాత కళ్ళు తుడుచుకుంది. అది వాళ్ళ అమ్మగారి పేరు. ఆవిడ పోయి చాలా ఏళ్ళయింది.

ఇత్తడి కాటా వేస్తే పేరుకి విలువేమీ లేదు, బరువుకే. అమ్మ నాలుగు మాత్రం పక్కన పెట్టుకుంది: ఒక బిందె, ఒక చెంబు, రెండు గ్లాసులు. మిగతావి మా ముగ్గురికీ పంచి, ఇంకా మిగిలినవి తూకానికి వేయించింది.

మర్నాడు నాన్న ట్రంకుపెట్టె తెరిచాం. స్థలం దస్తావేజు, దాని లింకు డాక్యుమెంట్లు, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు, దారం కట్టి ఏ ఏటికాయేడు పెట్టి ఉన్నాయి. అన్నీ నాన్న పేరు మీదే. చివరి కాగితం దాకా చూశాను. గ్లాసు మీద కూడా పేరున్న మనిషికి ఇంటి కాగితాల్లో ఒక్క చోటా పేరు లేదు.

బేరం కుదిర్చిన పెద్దమనిషి చాలా మామూలుగా అన్నాడు: "అమ్మగారూ, చెల్లెమ్మా హక్కు వదులుకున్నట్టు కాగితం రాసేస్తే మగపిల్లలిద్దరూ రిజిస్ట్రేషను చేసేస్తారు, సులువు." అన్నయ్యా తమ్ముడూ మాట్లాడలేదు. నాకు గుండె దడగా ఉన్నా అడిగాను, "ఎందుకు వదులుకోవాలి?" అని.

మా నాన్న సొంత సంపాదనతో కట్టిన ఇల్లు ఇది. వీలునామా లేదు. అలాంటప్పుడు 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకీ కొడుకులకీ కూతుళ్ళకీ తలా ఒక సమాన భాగం. నాన్నమ్మ ముందే పోయింది కాబట్టి మా ఇంట్లో నాలుగు భాగాలు. చాలామంది దీన్నీ పిత్రార్జితాన్నీ కలిపేస్తారు. పిత్రార్జితంలో ఆడపిల్లకి కొడుకుతో సమాన హక్కు మన రాష్ట్రంలో ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి వచ్చింది, కానీ అప్పటికే పెళ్ళయినవాళ్ళకి వర్తించలేదు. దేశమంతటా పెళ్ళయినవాళ్ళకీ కలిపి 2005 సెప్టెంబరు 9 నుంచి వచ్చింది. మాకైతే 1956 చట్టమే చాలు.

"అమ్మని మేం చూసుకోమా?" అన్నాడు అన్నయ్య, నొచ్చుకుంటూ. "చూసుకుంటావురా. కానీ మందులకో, మనవరాలి చేతిలో పెట్టడానికో తనకి తోచినప్పుడు ఎవర్నీ అడక్కుండా తీసుకోవాలిగా" అన్నాను. అమ్మ "నాకెందుకే డబ్బు" అనే అంది. ఆ రాత్రి ఎవరికీ అన్నం సరిగ్గా సయించలేదు. పొద్దున్నే కాఫీ ఇస్తూ మళ్ళీ అమ్మే అంది, "నా భాగం నా ఖాతాలోనే వేయించండి" అని. తమ్ముడు వెంటనే సరేనన్నాడు. అన్నయ్య కాసేపాగి తలూపాడు.

తర్వాత వారం ఇంటిని సిద్ధం చేశాం. కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చేలోపు గోడలకి పిడుగురాళ్ళ సున్నం వేయించాం, కారుతున్న కుళాయి బాగుచేయించాం, బోసిపోయిన గదులన్నీ కడిగాం. మా ఇళ్ళల్లో నేల నాపబండలే కదా. సామాను తీసేసి నీళ్ళు కొడితే వంటింట్లో ఒక బండ మాత్రం అద్దంలా మెరిసింది. కత్తిపీట వేసుకుని అమ్మ కూర్చునే చోటు. కొనుక్కున్నావిడ "ఈ బండకి పాలిష్ పట్టించారా?" అని అడిగింది.

రిజిస్ట్రేషను రోజున డాక్యుమెంటు రైటరు దస్తావేజు చదివాడు. వ్రాసి ఇచ్చినవారి వరుసలో మొదటి పేరు అమ్మది. ఐదో తరగతి దాకా చదువుకుంది, సంతకం పెడుతుంది. కాగితం కాగితానికీ నెమ్మదిగా పెట్టింది. బయటికొచ్చి మెట్లు దిగుతూ అంది: "ఇంటికి నా పేరెక్కిన రోజే ఇల్లు పోయింది, చూశావా!" నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. పాసుపుస్తకాన్ని చీరల మధ్య దాచుకుంటుంది. మా అమ్మాయి పుట్టినరోజుకి వెండి పట్టీలు కొని, ఎంతయిందో నాకు చెప్పనే లేదు.

మీ ఇల్లు అమ్మే ఆలోచన లేకపోయినా సరే, కాస్త తీరిక దొరికినప్పుడు కాగితాల పెట్టె ఒకసారి దించండి. దస్తావేజు, పన్ను రసీదు ఎవరి పేరు మీద ఉన్నాయో చూడండి. ఇంటాయన ఉండగానే, అందరూ సరదాగా ఉన్నప్పుడే మాట్లాడుకుంటే అందులో గొడవేమీ ఉండదు. నేను మా వారితో మాట్లాడాను. మా ఇంటి కాగితాల సంగతి దసరా వెళ్ళాక చూద్దామన్నారు. చూసేదాకా నేను ఊరుకోనని ఆయనకి తెలుసు.