అమెరాత్ షెడ్డులో ఒక మబ్బు పూట

ఒమన్ రాజధాని మస్కట్‌లో, బౌషర్ నుంచి అల్ అమెరాత్‌కు కొండ మీదుగా ఒక దారి ఉంది. ఎక్కేటప్పుడు బండికి కష్టం, దిగేటప్పుడు డ్రైవరుకు పరీక్ష. చిన్న గేరులోనే దిగమని బోర్డులు గుర్తుచేస్తూ ఉంటాయి. గట్టి వాన పడితే రాళ్లు దొర్లుతాయని పోలీసులు ఈ దారిని మూసేస్తారు. రెండో దారి రూవీ వైపు నుంచి వాదీ అదై గుండా వస్తుంది. అది కొండల ఇరుకులో సాగుతుంది. పక్కనే వాదీ, అంటే ఏడాదిలో ఎక్కువ రోజులు గులకరాళ్లతో ఎండిపోయి ఉండే వాగు. చుట్టూ గోధుమరంగు గుట్టలు, మధ్యలో ఊరు. పైన ఎక్కడ వాన పడినా ఆ నీళ్లు పోవడానికి తోవలు కొన్నే. అమెరాత్ గురించి ముందు ఈ సంగతి తెలిస్తే తక్కినవి తొందరగా అర్థమవుతాయి.

నేను వెళ్లిన శనివారం ఆకాశం ఉదయం నుంచీ మబ్బుపట్టి ఉంది. వెళ్లింది సనాయాకు. గల్ఫ్‌లో ఉండే మనవాళ్లకు ఈ మాట కొత్త కాదు. షెడ్లు, వెల్డింగు కొట్లు, టైరు షాపులు ఒకేచోట ఉండే పేట అది. అక్కడ ఒక షెడ్డులో రాజంపేట నుంచి వచ్చిన మెకానిక్ ఉన్నాడనీ, టర్బో బండ్లంటే మస్కట్ కుర్రాళ్లు ఆయన్నే వెతుక్కుంటూ వస్తారనీ విన్నాను. వాన అరుదైన ఈ ప్రాంతంలో వాన వల్ల పాడయ్యే కార్లు ఇన్ని ఎందుకుంటాయో కనుక్కుందామని బయల్దేరాను.

"రాన్నా, కూచో. చాయ్ తాగుతావా?" అన్నాడు, చేతులు బనీను గుడ్డకు తుడుచుకుంటూ. లిఫ్టు మీద ఎర్ర టొయోటా సుప్రా ఉంది. పక్కన దిష్‌దాషా అనే తెల్లటి పొడుగు అంగీలో దాని యజమాని, ఇరవై దాటిన ఒమనీ కుర్రాడు. అతను మెకానిక్‌ను "ఉస్తాద్" అంటున్నాడు. ఈయన అతనితో హిందీ, అరబ్బీ కలిపిన ఒక భాష మాట్లాడుతున్నాడు. వ్యాకరణం రెంటిదీ కాదు, పని మాత్రం బాగా జరుగుతోంది.

"ఏమైంది బండికి?" అని అడిగాను.

"పోయిన వానకు రౌండబౌట్‌లో గిర్రున తిరిగి ఫుట్‌పాత్ ఎక్కింది. వెనక చక్రం ఆర్మ్ వంగింది. అంతే, అదృష్టం. టైరు చూపిస్తా రా."

వెనక చక్రం విప్పి గోడకు ఆనించి ఉంది. టైరు పక్కన అక్షరాల వరుస చివర చిన్న గుండ్రటి గడిలో నాలుగు అంకెలున్నాయి: 2219. అంటే 2019వ సంవత్సరం, 22వ వారంలో తయారైందని. ఆయన బొటనవేలి గోరుతో రబ్బరును నొక్కాడు; గుర్తు పడలేదు. పక్కనే ఉన్న కొత్త టైరును నొక్కితే గోరు దిగి, మెల్లగా మళ్లీ పూడుకుంది. "గాడి బాగానే ఉండాది సూడు, అరగలా. అందుకే ఈ పిల్లోడు మార్చలా. కానీ ఇన్ని ఎండలకు ఉడికి కట్టె అయిపోయింది. పొడి రోడ్డు మీద తెలీదు. నీళ్లు పడితే తెలుస్తాది."

అరిగిన టైరును ఎవరైనా గుర్తుపడతారు. ముసలి టైరును గుర్తుపట్టేది తక్కువమంది. చాలా దేశాల చట్టాలు 1.6 మిల్లీమీటర్ల గాడి ఉంటే చాలంటాయి. తడి రోడ్డు సంగతి తెలిసినవాళ్లు 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయమంటారు. గట్టిపడిన రబ్బరుకు ఈ రెండు లెక్కలూ వర్తించవు. దాని గాడి లోతుగా ఉన్నా పట్టు ఉండదు. ఇంకో రకం ఉంది: ట్రాక్ మీద నడపడానికి చేసిన, గాళ్లు దాదాపు లేని టైర్లు. వాటిని రోజువారీ బండికి బిగించి తిరిగే కుర్రాళ్లు ఇక్కడ తక్కువేం కాదట.

మస్కట్‌లో ఏడాది మొత్తానికి పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. మన కడప జిల్లాలో ఒక మంచి ముసురుకే అంత పడిపోతుంది. అందువల్ల నెలల తరబడి రోడ్డు మీద ధూళి, టైర్ల రబ్బరు పొడి, లారీల నుంచి కారిన నూనె పేరుకుంటాయి. మొదటి పది, పదిహేను నిమిషాల చినుకు వాటిని కడిగేయదు, కలుపుతుంది. ఎక్కువ బండ్లు తిరిగి, నూనె ఎక్కువగా కారే చోట్లు రౌండబౌట్లు, సిగ్నళ్లు. సుప్రా తిరిగింది కూడా రౌండబౌట్‌లోనే. గట్టి వాన ఒక గంట కురిశాక రోడ్డు నిజానికి కొంచెం మెరుగవుతుంది. తుంపర మొదలైన వేళే చెడ్డది.

ఇక టర్బో సంగతి. ఇంజిను వదిలే పొగ ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇరుసుకు రెండో కొసన ఉన్న ఇంకో చక్రం గాలిని నొక్కి ఇంజినులోకి పంపుతుంది. ఎక్కువ గాలి, ఎక్కువ పెట్రోలు, ఎక్కువ శక్తి. చిక్కు ఏమిటంటే ఆ చక్రం వేగం అందుకోవడానికి కాస్త సమయం పడుతుంది. కాలు నొక్కినప్పుడు రాని శక్తి, నొక్కిన సంగతి మరిచాక వస్తుంది. 1974 అక్టోబరులో పారిస్ మోటార్ షోలో పోర్షె తన 911 టర్బోను బయటపెట్టింది. 3 లీటర్ల ఇంజిను, 260 హార్స్‌పవర్, నాలుగే గేర్లు, ఇంజిను మొత్తం వెనక ఇరుసు అవతల. మలుపు మధ్యలో ఆ శక్తి ఒక్కసారిగా దిగితే వెనక చక్రాలు జారేవి. భయపడి కాలు తీసేస్తే బరువు ముందుకు పోయి వెనక భాగం ఇంకా జారేది. ఆడవాళ్లను విధవలను చేసే బండి అని దానికి పేరు పడింది. అది పొడి రోడ్డు మీదే. తడిలో చెప్పనక్కర్లేదు.

ఇప్పటి టర్బోల్లో ఆ ఆలస్యం బాగా తగ్గింది. తగ్గితే ముప్పు పోవాలి కదా? నేనూ అదే అడిగాను. ఆయన నవ్వాడు. "ఇది పేరుకు టొయోటా, ఇంజిను బీఎండబ్ల్యూది. 1600 ఆర్‌పీఎం కాడ్నే దీని బలమంతా దిగిపోతాది." లెక్క నిజమే. ఆ మూడు లీటర్ల ఇంజిను 500 న్యూటన్ మీటర్ల టార్క్‌ను 1600 దగ్గరే అందిస్తుంది. అదంతా పోయేది వెనక రెండు చక్రాలకే. పాత టర్బోలో శక్తి ఆలస్యంగా వచ్చి ముంచేది, కొత్త టర్బోలో తొందరగా వచ్చి ముంచుతుంది. 'పెద్ద గేరులో మెల్లగా పోతే జారదు' అని మన పెద్దలు నేర్పిన సూత్రం పాత అంబాసిడర్‌కు చెల్లింది. ఈ బండికి పెద్ద గేరు వేసినా సగమే రక్షణ, మిగతా సగం కుడికాలిలో ఉండాలి.

కుర్రాడికి మా మాటలు కొంత అర్థమైనట్టున్నాయి. ట్రాక్షన్ కంట్రోల్ ఉంది కదా అని ఇంగ్లిష్‌లో వాదించాడు. ఉంది. చక్రం జారితే కంప్యూటరు ఇంజినును తగ్గిస్తుంది, అవసరమైతే ఆ చక్రానికి బ్రేకు వేస్తుంది. కానీ అది ఉన్న పట్టును పంచగలదు, లేని పట్టును పుట్టించలేదు. ఉస్తాద్ తన మిశ్రమ భాషలో ఇదే చెప్పి, చివర్లో "ఆ రోజు స్పోర్ట్ మోడ్‌లో ఉంది కదా?" అని అడిగాడు. కుర్రాడు ఫోను చూసుకున్నాడు. స్పోర్ట్ మోడ్‌లో కాలు కొంచెం నొక్కినా ఇంజిను ఎక్కువ స్పందిస్తుంది, జారుడును అడ్డుకునే వ్యవస్థ కొంత వదులవుతుంది. తడిలో అవి రెండూ అక్కర్లేనివే. 2018 చివర్లో వచ్చిన కొత్త 911లో పోర్షె వెట్ మోడ్ అని పెట్టింది. ముందు చక్రాల గూళ్లలో ఉన్న మైకుల్లాంటి సెన్సర్లు టైరు చిమ్మే నీటి చప్పుడు విని, రోడ్డు తడిసిందని డ్రైవరుకు చెబుతాయి. అయినా మోడ్ మార్చాల్సింది డ్రైవరే.

ఆయన కస్టమర్లకు చెప్పేది తక్కువే. బ్రేకు మలుపుకు ముందే, బండి నేరుగా పోతున్నప్పుడే వెయ్యి. మలుపులో కాలు ఒక్కసారి నొక్కొద్దు, ఒక్కసారి తీయొద్దు. స్టీరింగు సగం సరిచేసుకున్నాక మెల్లగా నొక్కు. క్రూజ్ కంట్రోల్ పెట్టొద్దు. వెనక జారితే చూపు పోవాల్సిన వైపే ఉంచు, గోడ వైపు కాదు. ఈ చివరి మాట చెప్పినప్పుడు ఆయన గొంతు కాస్త పెరిగింది.

నీళ్లు నిలిచిన చోట టైరు నీటి పైకి తేలడం ఇంకో సంగతి. విమానాల చక్రాల కోసం నాసా 1960ల్లో తేల్చిన ఒక లెక్క ఉంది: టైరులో గాలి ఎంత తక్కువైతే అంత తక్కువ వేగానికే తేలుతుంది. 32 పీఎస్‌ఐ గాలి ఉన్న టైరుకు ఆ లెక్క గంటకు సుమారు 94 కిలోమీటర్లు చూపిస్తుంది. కారుకు కచ్చితంగా అంతే అనలేం. గాడి, నీటి లోతు, వెడల్పు అన్నీ తేడా తెస్తాయి. సుప్రా వెనక టైరు వెడల్పు 275 మిల్లీమీటర్లు. పొడిలో ఆ వెడల్పే దాని బలం, నీళ్లలో అదే బలహీనత. ఒమన్ పెద్ద రోడ్ల మీద అనుమతించే వేగం 120. ఆ బోర్డు పొడి రోడ్డుకు రాసింది.

ఇదంతా కుర్రాళ్లకే అనుకునేరు. ఒమన్ గర్వంగా చెప్పుకునే రేసర్ అహ్మద్ అల్ హార్థీ 2024 లె మాన్స్ 24 గంటల రేసులో వాలెంటినో రోసీ, మాక్సిం మార్టాన్‌లతో కలిసి బీఎండబ్ల్యూ ఎం4 నడిపాడు. అదీ రెండు టర్బోల బండే. ఆ కారు రాత్రి తడి ట్రాక్ మీద, అతను నడుపుతుండగా అదుపు తప్పి దెబ్బతిని రేసు నుంచి తప్పుకుంది. రేడియోలో ఇంజనీర్లు, జీవితమంతా సాధన, అన్నీ ఉన్నవాడికే అలా జరిగింది.

చాయ్ అయ్యాక ఆయన బల్ల కింద నుంచి ఒక ఇనుప ముక్క తీసి నా చేతిలో పెట్టాడు. కనెక్టింగ్ రాడ్. నిటారుగా ఉండాల్సింది నడుం దగ్గర ఒక పక్కకు ఒంగి ఉంది. ఇది జారిన బండిది కాదు, నీళ్లలో దిగిన బండిది. చాలా స్పోర్ట్స్ కార్లకు గాలి పీల్చే గొట్టం ముందు బంపరు దగ్గర, కింద ఉంటుంది. మోకాలి లోతు నీళ్లలోకి దింపితే గాలితో పాటు నీటినీ లాక్కుంటుంది. గాలి నలుగుతుంది గానీ నీరు నలగదు. పిస్టను పైకి రావాలి, రాలేదు, రాడ్ వంగిపోతుంది. బండి ఆగిపోయాక మళ్లీ స్టార్ట్ చేయడానికి ప్రయత్నిస్తే మిగతా రాడ్లు కూడా పోతాయి. "ఆగిందా, తాళం తీసేసి తొయ్యండి, టోవింగ్‌కు ఫోన్ చేయండి అని చెప్తా. ఎవరూ వినరు. సెల్ఫ్ కొడతానే ఉంటారు."

ఇంజిను పోతే డబ్బే పోతుంది. అమెరాత్ వాళ్లకు గుర్తున్నది వేరే. 2007 జూన్‌లో గోను తుఫాను వచ్చినప్పుడు వాదీ అదై పొంగి మస్కట్ వైపు దారి తెగింది. దేశంలో సుమారు 50 మంది చనిపోయారు. 2021 అక్టోబరు 3న షాహీన్ తుఫాను తీరం దాటింది. రెండు వారాలకు, అక్టోబరు 17న, ఇదే అమెరాత్ మైదానంలో టీ20 ప్రపంచకప్ మొదలైంది. హైదరాబాద్‌లో పుట్టిన సందీప్ గౌడ్ ఒమన్ జట్టులో ఉన్నాడని మనవాళ్లు ఆ రోజుల్ని ఇప్పటికీ సంబరంగా చెప్పుకుంటారు, తుఫాను సంగతి కొంచెం తగ్గించి. 2024 ఏప్రిల్‌లో సమద్ అల్ షాన్ దగ్గర బడిపిల్లలతో ఉన్న వాహనం వరదలో కొట్టుకుపోయింది. కదిలే నీరు అడుగు లోతుంటే చిన్న కారు తేలుతుంది, రెండడుగులుంటే ల్యాండ్ క్రూజర్ లాంటివి కూడా. 500 న్యూటన్ మీటర్లు అక్కడ దేనికీ పనికిరావు. చక్రం నేలను తాకదు.

అందుకే నా తీర్పు సుప్రా కుర్రాడి మీద కంటే, తన పెద్ద బండి ఏ నీళ్లనైనా దాటుతుందనుకునే ఉద్యోగి మీద కఠినంగా ఉంటుంది. కుర్రాడికి కొత్త టైర్లు పడుతున్నాయి, ఉస్తాద్ స్పోర్ట్ మోడ్ గురించి తిట్టాడు. రెండోవాడిని తిట్టేవాళ్లు లేరు.

వాదీ దాటే చోట్ల నీటి లోతు చెప్పే కంబాలు పాతి ఉంటాయి, ఎర్ర గుర్తుతో. నీళ్లు ఎర్ర గుర్తును తాకితే దిగకూడదు. ప్రాణాలు పణంగా పెట్టి కావాలని దింపితే ఒమన్ ట్రాఫిక్ చట్టంలో జైలు, జరిమానా రెండూ ఉన్నాయి. అమెరాత్‌లో ఇల్లు తీసుకుని రూవీ, గాలా వైపు ఉద్యోగాలకు వెళ్లే తెలుగువాళ్లకు ఒక మనవి: ఈ సాయంత్రమే మీ టైరు పక్కన ఉన్న నాలుగు అంకెలు చూసుకోండి. వాన హెచ్చరిక వచ్చిన రోజున, కఫీల్, అంటే మీ యజమాని, ఏమన్నా సరే, ఫోన్ చేసి ఈ పూట రాలేనని చెప్పండి. దారిలో చిక్కుకుంటే ఒమన్ మొత్తానికీ అత్యవసర సహాయం నంబరు 9999.