పెరట్లో ఒక రిజిస్టరు

తెలుగు అక్షరాలు మేము రిటైర్ అయినాకే నేర్చుకొన్నాము. తప్పులుంటే మన్నించండి.

మాది సేలంలో పాత ఇల్లు. పెరట్లో ఒక కరివేపాకు చెట్టు, నాలుగు కనకాంబరం మొక్కలు, అంతే. రైల్వేలో గుమాస్తాగా ఉన్నన్నాళ్ళు ఆ పెరటిని నిలబడి చూసింది లేదు.

పోయిన ఏడు కరివేపాకు ఆకులన్నీ పురుగులు తినేస్తున్నాయని మందు కొట్టి, రాలిన పురుగులను చీపురుతో ఊడ్చి పారేశాము. ఈ ఏడు మళ్ళీ వచ్చాయి. మందు డబ్బా చేతిలో ఉండగానే మనవరాలు ఫోనులో, "తాతా, ఫోటో తీసి పంపు" అనింది. ఫోటో కోసం దగ్గరికి పోయి చూశాము. చిన్న పురుగులు అచ్చం పిట్టరెట్ట మాదిరి ఉన్నాయి. పెద్దవి ఆకుపచ్చ రంగు. పుల్లతో తాకితే తల వెనక నుండి రెండుగా చీలిన కొమ్ము బయటికి వచ్చి ఘాటు వాసన కొట్టింది. డబ్బా లోపల పెట్టేశాము.

ఎనిమిది పురుగులను లెక్క పెట్టాము. ఆరు కనబడకుండా పోయాయి, పిట్టలు తినుంటాయి. రెండు మాత్రం నడుముకు దారం కట్టుకొని కొమ్మకు ఆనుకొన్నాయి. పన్నెండో నాడు పొద్దున ఒకటి సీతాకోకచిలుకై వచ్చింది. నల్ల రెక్కల మీద లేత పసుపు మచ్చలు. రెక్కలు ఆరేదాకా కాఫీ మరచి ఇద్దరమూ నిలబడ్డాము. "పోయిన ఏడు మనం ఊడ్చింది వీటినే కదా" అనింది ఇంటావిడ. బదులు చెప్పడానికి ఏమీ లేదు.

అప్పటినుండి రోజూ ఎండ ఏరకముందే పెరట్లో ఉంటాము. ఆ వేళ పురుగులు మందంగా ఉంటాయి, పారిపోవు. ఫోనుకు తగిలించే చిన్న లెన్సు ఒకటి కొన్నాము. గాలి నిలిచేదాకా ఊపిరి బిగబట్టి పది తీస్తే ఒకటి బాగా వస్తుంది.

ఆఫీసు అలవాటు పోదు కదా, రిజిస్టరు పెట్టాము. తేదీ, గంట, చెట్టు, తమిళ పేరు, తెలుగు పేరు. బడి చదువు తమిళం కాబట్టి ఆ వరుస టక్కున నిండింది. తెలుగు వరుస దగ్గర పెన్ను ఆగింది. కనకాంబరాల మధ్య ఒకటి తలకిందులుగా కూర్చొని ఉంది. ఎనిమిది కాళ్ళను జతలు చేసి నాలుగే అన్నట్టు చాపింది. గూడు నడుమ తెల్ల దారంతో గుణకారం గుర్తు నేసింది. తమిళంలో సిలంది అని రాశాము. తెలుగులో సాలెపురుగు అని రాయగానే మగ్గం గుంటలో కూర్చొన్న మా తాత కళ్ళముందుకు వచ్చాడు. సాలె అంటే నేసేవాడే కదా! గొంగళిపురుగు, కంబళిప్పూచ్చి, రెండింటిలోనూ ఉన్నది కప్పుకొనే కంబళే. అరవై ఏళ్ళు రెండు మాటలూ మా నోట్లోనే ఉన్నాయి. ఒక్కనాడూ పక్కపక్కన పెట్టి చూడలేదు.

ఒక గడి మాత్రం ఖాళీగా ఉంది. గూడు కట్టకుండా, గోడ మీద గెంతి ఈగను పట్టే చిన్న సాలెపురుగు. మా అవ్వ దాన్ని ఏదో పేరు పెట్టి పిలిచేది. అవ్వతోనే ఆ మాట పోయింది. ఫోటో కింద పెట్టాము. మీ ఇళ్ళలో ఎనభై దాటిన పెద్దలుంటే చూపించి అడగండి. ఏ ఊరి మాటైనా సరే, అలాగే రాసుకొంటాము. దసరా సెలవులకు మనవరాలు వస్తుంది, రిజిస్టరు చదివి చూపిస్తామని మాట ఇచ్చాము.